చలిలో పుచ్చ పెట్టేవారు ముందు లెక్క వేసుకోవాల్సింది పూత తేదీ

ప్రశ్న: మాది ఆదిలాబాద్ జిల్లా, ఇచ్చోడ దగ్గర. నల్లరేగడి, బోరు, డ్రిప్పు ఉన్నాయి. పోయిన యాసంగిలో సోయా తీసిన ఎకరంన్నరలో డిసెంబరు మొదటి వారం పుచ్చ విత్తనం నేరుగా పెట్టాను. సగం మొలవలేదు. మొలిచినవి రెండు ఆకుల మీద మూడు వారాలు పసుపు పచ్చగా అట్లనే నిలబడ్డాయి. యూరియా రెండుసార్లు ఇచ్చాను. ఫిబ్రవరిలో తీగ ఒక్కసారిగా సాగింది కానీ పిందె రాలింది. నిలిచిన కాయల్లో చాలా వరకు తొడిమ వైపు సన్నబడి వంకర తిరిగాయి. కాయ కోతకొచ్చేసరికి ఏప్రిల్ దాటవచ్చింది, ధర లేదు. మా చలికి ఈ పంట పనికిరాదని ఊళ్లో అంటున్నారు. ఈసారి ఎకరం పుచ్చ, అర ఎకరం కర్బూజ పెట్టాలని ఉంది. రంజాన్ మార్కెట్‌కు అందించగలనా? ఎట్లా చేయాలి?

సమాధానం: పనికొస్తుంది. కానీ మీకు దొరికే కాలం చిన్నది. జనవరి చివరి దాకా చలి వదలదు, మార్చి దాటితే ఎండ, తామర పురుగు, ధర మూడూ ఎదురు తిరుగుతాయి. ఈ మధ్యలో ఆడపూత, కాయ ఊరడం రెండూ పూర్తి కావాలి. మీరు విత్తే తేదీని పట్టుకొని మొదలుపెట్టారు. పూత తేదీని ముందు ఖాయం చేసుకుని, అక్కడి నుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ రావాలి.

పోయినసారి జరిగినవన్నీ ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయి. పుచ్చ గింజ మొలవాలంటే నేల లోపల కనీసం 16 డిగ్రీలుండాలి, అది కూడా బొటాబొటిగా. 28, 30 డిగ్రీల్లో నాలుగైదు రోజుల్లో పైకొచ్చే గింజ, 20 డిగ్రీల దగ్గర పది రోజులు తీసుకుంటుంది. అన్ని రోజులు తడి నల్లరేగడిలో ఉంటే ఉబ్బి కుళ్లిపోతుంది. కొన్న విత్తనం నాసిరకమని అనుకోవద్దు, చలికి పోయిన గింజే ఎక్కువ. మొలిచినవి ఆగిపోవడానికి కారణం వేరు. 15 డిగ్రీల కంటే చల్లని మట్టిలో వేరు నీటిని సరిగా పీల్చదు, భాస్వరాన్ని అసలే తీసుకోదు. ఆకు పసుపెక్కుతుంది, ఈనెలు ఊదా రంగు తిరుగుతాయి. చూసేవారికి ఎరువు చాలనట్టు కనిపిస్తుంది. అప్పుడిచ్చిన యూరియాను మొక్క ముట్టుకోలేదు. నేల వెచ్చబడగానే అంతా ఒకేసారి లాగి తీగకు పెట్టింది, అదే సమయంలో వచ్చిన పిందెను వదిలేసింది. వంకర కాయలది ఇంకో సంగతి. ఆడపువ్వుకు పుప్పొడి చాలినంత అందకపోతే లోపల గింజ ఒక వైపే కడుతుంది, గింజ లేని వైపు కాయ ఊరదు. తెల్లవారుజామున 12, 13 డిగ్రీలుంటే మగపువ్వులో పుప్పొడి సంచి సరిగా పగలదు. తేనెటీగలు కూడా 15 డిగ్రీలు దాటితేగానీ జోరుగా తిరగవు. పువ్వు ఉండేది ఆ ఒక్క పూటే.

అందుకే రంజాన్ ఫిబ్రవరిలో మొదలయ్యే ఏళ్లలో దాని మొదటి రోజులకు మీ దగ్గర కాయ తీయాలన్న ఆలోచన వదులుకోండి. ఫిబ్రవరి మధ్యలో కాయ కోయాలంటే జనవరి తొలి రోజుల్లో పిందె నిలవాలి. ఆదిలాబాద్, ఆసిఫాబాద్ వైపు చలిగాలులు వీస్తే కనిష్ఠం పది డిగ్రీల లోపుకు పడిపోయేది సరిగ్గా అప్పుడే. ఎన్ని కవర్లు కప్పినా ఆ రోజుల్లో పూతను కాపాడలేం, ఎందుకంటే తేనెటీగలు రావాలంటే కవరు తీయక తప్పదు. మొక్క చిన్నగా ఉన్నప్పుడు వెచ్చదనం ఇవ్వడం మన చేతిలో ఉంది, పూతకొచ్చాక లేదు. డబ్బు, శ్రమ మొదటి నలభై రోజుల మీద పెట్టండి, పూతను మాత్రం చలి తగ్గిన రోజుల్లోకి జరపండి. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని పెద్దలు చెప్పిన మాట ఈ పంటకు బాగా సరిపోతుంది. కాకపోతే పండుగ ఒక్కో ఏడు ఒక్కో తేదీన వస్తుంది కనుక పక్కన థర్మామీటరు పెట్టుకోవాలి. రాత్రి కనిష్ఠం వరుసగా 14, 15 డిగ్రీలు దాటుతున్నప్పుడు మొదటి మంచి ఆడపూత విచ్చాలి. మీ వైపు అది సాధారణంగా ఫిబ్రవరి రెండో వారం నుంచి.

వెనక్కి లెక్కపెడదాం. చల్లని రోజుల్లో నాటిన నారుకు ఆడపూత రావడానికి 32 నుంచి 36 రోజులు పడుతుంది. అంటే జనవరి 8, 12 మధ్య నాటాలి. చలిలో నారు సిద్ధం కావడానికి 20 రోజులు. అంటే డిసెంబరు 18, 22 మధ్య ట్రేలలో గింజ పడాలి. పూత నుంచి కోతకు 33 నుంచి 38 రోజులు అనుకుంటే మార్చి 15, 25 మధ్య కాయ వస్తుంది. కర్బూజకు ఇంకాస్త వేడి కావాలి, చల్లగా మబ్బుగా ఉంటే తీపి పట్టదు. దాన్ని జనవరి మొదటి వారం ట్రేలో వేసి, 22, 26 మధ్య నాటండి. వరంగల్, హన్మకొండ, జనగామ చెల్కల్లో రాత్రులు మీకంటే వెచ్చన, నేల కూడా తొందరగా కాగుతుంది. అక్కడివారు ఇవే పనులను పది పన్నెండు రోజులు ముందుగానే మొదలుపెట్టుకోవచ్చు.

నారు సంగతి వివరంగా చెప్పాలి, ఎందుకంటే సగం పంట ఇక్కడే నిలుస్తుంది. బోదెల మధ్య 6 అడుగులు, మొక్కల మధ్య అడుగున్నర పెడితే ఎకరానికి 4840 మొక్కలు. పది శాతం కలుపుకుని 5300 గింజలు లెక్కపెట్టి కొనండి. గ్రాముల్లో కొంటే రకాన్ని బట్టి గింజల సంఖ్య చాలా మారుతుంది. నర్సరీల్లో సాధారణంగా 98 గుంతల ట్రే వాడతారు. చలిలో నారు 20 రోజులు ట్రేలో ఉంటుంది కాబట్టి 70 గుంతల ట్రే తీసుకోండి, 76 ట్రేలు సరిపోతాయి. చిన్న గుంతలో వేరు చుట్టుకుపోతే నాటిన తరువాత మొక్క వారం రోజులు కదలదు. అంత చిన్న కాలంలో వారం పోగొట్టుకోలేం.

కొబ్బరి పొట్టును తడిపి పిడికిట్లో గట్టిగా పిండితే నీటిచుక్క కారకూడదు, విప్పితే ముద్ద విరగకూడదు. కర్బూజ గింజ ఎక్కువ తడికి పుచ్చకంటే తొందరగా కుళ్లుతుంది, దానికి ఇంకొంచెం పొడిగా ఉంచండి. గింజ సెంటీమీటరు లోతున పడుకోబెట్టినట్టు పెట్టాలి. హైబ్రిడ్ గింజకు మందు పూసే ఉంటుంది, మళ్లీ నానబెట్టొద్దు. ట్రేలను ఎనిమిది పది చొప్పున ఒకదానిపై ఒకటి పేర్చి, నల్ల పాలిథీన్ చుట్టి, గాలి ఆడని చిన్న గదిలో పెట్టండి. మామూలు 100 వాట్ల పాతకాలపు బల్బు ఒకటి ఆ గదిలో రాత్రిపూట వెలిగించి ఉంచితే సరిపోతుంది, పాలిథీన్‌కు మాత్రం మూరెడు దూరంలో ఉండాలి. లోపల 28 నుంచి 30 డిగ్రీలు ఉండేలా చూసుకోండి. రెండు రోజులు దాటిన దగ్గర్నుంచి ఉదయం, సాయంత్రం కింది ట్రే, మధ్య ట్రే లాగి చూడాలి. నాలుగో వంతు గింజలు మట్టిని పగలగొడుతున్నాయంటే ఆ పూటే అన్నీ వెలుతురులోకి పరచాలి. ఒక్కరోజు ఆలస్యమైతే నారు తెల్లగా సాగి పడిపోతుంది, దాన్ని మళ్లీ నిలబెట్టలేం.

బయట ట్రేలను నేల మీద పెట్టకుండా రెండు ఇటుకల ఎత్తున పరచి, పైన వెదురు బద్దలతో గూడు వేసి, సాయంత్రం 5 గంటలకు పాలిథీన్ కప్పి, పొద్దున 9 గంటలకు తీయాలి. తీయడం మరిచిపోతే చలి కంటే ఆవిరే ఎక్కువ నారును చంపుతుంది. నీళ్లు పొద్దున 10 గంటలకు ఒక్కసారే, సాయంత్రం వద్దు. నారు కుళ్లు కనిపిస్తే కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరుకు 3 గ్రాములు కలిపి ట్రేలు తడపండి. పగటిపూట పురుగు రాకుండా సన్నటి నైలాన్ వల ఉండాలి, ఎందుకంటే మొవ్వు కుళ్లు వైరస్ చాలాసార్లు నారుమడిలోనే తామర పురుగుల ద్వారా అంటుకుని పొలానికి వస్తుంది. రెండు నిజమైన ఆకులు విప్పగానే నాటండి. నాలుగాకుల నారు చూడటానికి బలంగా ఉంటుంది, నాటితే వెనకబడుతుంది.

పొలంలో ముందు ఒక పరీక్ష చేయండి. సోయాలో ఇమాజితాపిర్ కలుపుమందు కొట్టారా? దాని శేషం నేలలో కొన్ని నెలలు ఉండగలదు, వానలు ముందే ఆగిన ఏడు ఇంకా ఎక్కువ కాలం నిలుస్తుంది. పుచ్చ, కర్బూజ, దోస దానికి చాలా సున్నితం. ఇప్పుడే పొలంలో నాలుగు చోట్ల పైమట్టి తెచ్చి, కుండీల్లో వేసి, దోస గింజలు పది పది పెట్టండి. మందు కొట్టని గట్టు మట్టితో ఇంకో కుండీ పక్కన ఉండాలి. ఎండ తగిలే చోట పెట్టి, రాత్రి ఇంట్లోకి తీసుకోండి. పదిహేను, ఇరవై రోజుల్లో గట్టు మట్టిలో మొక్క బాగుండి, పొలం మట్టిలోది మొవ్వు పసుపెక్కి గిడసబారితే ఆ చెక్కలో ఈ యాసంగికి పుచ్చ పెట్టొద్దు. పోయినేడు మీ మొక్కలు నిలబడిపోవడంలో దీని పాలు కూడా ఉండి ఉండవచ్చు.

నల్లరేగడిలో బోదె ఎత్తుగా, కనీసం అడుగు ఉండాలి, పైన రెండున్నర అడుగుల వెడల్పు. ఎత్తు బోదె నీరు దిగనిస్తుంది, పక్కల నుంచి ఎండ తగిలి తొందరగా కాగుతుంది. ఎకరానికి బాగా మాగిన పశువుల ఎరువు 8 టన్నులు, సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ 150 కిలోలు, మ్యూరేట్ ఆఫ్ పొటాష్ 30 కిలోలు, వేపపిండి 150 కిలోలు బోదె వచ్చే సాలులోనే వేసి కలపండి. యూరియా అడుగున వద్దు. 6 అడుగుల ఎడంతో ఎకరంలో బోదెల పొడవు 2200 మీటర్లు, అంటే 400 మీటర్ల మల్చింగ్ షీటు చుట్టలు ఆరు కావాలి. షీటు మందం 25 మైక్రాన్లు చాలు. షీటు నాటే ముందురోజు పరిస్తే లాభం లేదు. డ్రిప్పుతో బోదె తడిపి, నాటడానికి పది రోజుల ముందే మట్టికి అంటుకునేలా బిగించి పరచాలి. కింద గాలి ఉంటే వేడి లోపలికి దిగదు.

నల్ల వైపు పైకి వేయాలా, వెండి వైపు పైకి వేయాలా అని చాలామంది అడుగుతారు. నల్ల వైపు పైకి ఉంటే నేల రెండు మూడు డిగ్రీలు ఎక్కువ కాగుతుంది, నిజమే. అయినా వెండి వైపే పైకి వేయండి. తామర పురుగు, తెల్లదోమ ఆ మెరుపుకు దూరం జరుగుతాయి, మొవ్వు కుళ్లు వైరస్‌కు మందు లేదు. పైగా మార్చిలో తీగ కప్పని చోట నల్ల షీటు కాయ చర్మాన్ని కాలుస్తుంది. తగ్గిన ఆ వేడిని క్రాప్ కవరు నుంచి తెచ్చుకోవచ్చు.

క్రాప్ కవరు అంటే తెల్లని నాన్‌వోవెన్ గుడ్డ, చదరపు మీటరుకు 17 గ్రాముల బరువుది, అంటే 17 జీఎస్‌ఎం. రాత్రిపూట అది ఒకటి రెండు డిగ్రీలకు మించి కాపాడదు, అమ్మేవారు ఎంత చెప్పినా అంతే. అసలు మేలు పగలు జరుగుతుంది: లోపల బయటికంటే ఐదారు డిగ్రీలు ఎక్కువ వేడి నిలిచి, మొక్క పొద్దున తొందరగా మేల్కొని సాయంత్రం దాకా పనిచేస్తుంది. గుమ్మడి పెంకు పురుగు, పాము పొడ పురుగు, తామర పురుగు లోపలికి రావు. ఐదారడుగుల వెదురు బద్దలు ఒకటిన్నర మీటరుకొకటి వంచి గుచ్చితే ఎకరానికి 1500 పడతాయి. గుడ్డ అంచులు రెండు వైపులా మట్టితో పూర్తిగా పూడ్చండి. మధ్యలో రాళ్లు పెట్టి వదిలేస్తే గాలికి లేస్తుంది, పురుగు దూరుతుంది. ఖర్చు భరించలేకపోతే ఎకరమంతా అరకొరగా కప్పకుండా ఇరవై గుంటలు సరిగా కప్పి, మిగిలింది వారం ఆలస్యంగా నాటండి.

పొలం ఉత్తరం, ఈశాన్యం వైపు మొక్కజొన్న లేదా జొన్న మూడు సాళ్లు దగ్గరగా డిసెంబరు మొదట్లోనే వేయండి. చలిగాలిని ఆపుతుంది, తరువాత పురుగులకు అడ్డుగోడ అవుతుంది. నాలుగు వైపులా వేస్తే ఇంకా మంచిది, కాకపోతే దక్షిణం వైపు నీడ పడకుండా బోదెకు పదడుగులు వదలాలి.

నాటే రోజు నిర్ణయించేది థర్మామీటరు. మామూలు గాజు థర్మామీటరు షీటు రంధ్రంలోంచి రెండంగుళాల లోతు దించి ఉదయం 7 గంటలకు చూడండి. మూడు రోజులు వరుసగా 18 డిగ్రీలు, ఆ పైన ఉంటే నాటొచ్చు. తెలంగాణ డెవలప్‌మెంట్ ప్లానింగ్ సొసైటీ మండలాల వారీగా రోజువారీ కనిష్ఠ ఉష్ణోగ్రతలు ఇస్తుంది, వాతావరణ శాఖ చలిగాలుల హెచ్చరిక ఇస్తుంది. వచ్చే ఐదు రోజుల్లో చలిగాలులు ఉన్నాయంటే నారును ట్రేలోనే ఆపండి. రెండు మూడు రోజులు ముదిరిన నారు, చల్లటి మట్టిలో దెబ్బతిన్న నారుకంటే నయం. ఎండాకాలం అలవాటుతో సాయంత్రం నాటొద్దు. పొద్దున 10 తరువాత నాటి, వెంటనే నీళ్లిచ్చి, అదే రోజు కవరు కప్పాలి.

నీళ్ల విషయంలో ఒక చిన్న జాగ్రత్త చాలా పనిచేస్తుంది. బోరు నీళ్లు చలికాలం పొద్దున గాలికంటే వెచ్చగా ఉంటాయి. వాటిని తొట్టిలోనో ఫారం పాండ్‌లోనో రాత్రంతా నిలబెట్టి పొద్దున్నే వదిలితే చన్నీళ్లు వేరుకు పోతాయి. బోరు నుంచి నేరుగా, 9, 10 గంటల మధ్య ఇవ్వండి. మొదటి మూడు వారాలు నల్లరేగడికి రెండు మూడు రోజులకోసారి 20, 30 నిమిషాలు సరిపోతుంది. షీటు కింద మట్టి పిడికిట పడితే ముద్దవ్వాలి, చేతికి అంటకూడదు. తడి ఎక్కువైన నేల కాగడానికి ఎక్కువ రోజులు తీసుకుంటుంది.

డ్రిప్పులో ఇచ్చే నీటిలో కరిగే ఎరువులు ఎకరానికి ఇవి (అంకెలు వరుసగా నత్రజని, భాస్వరం, పొటాష్ శాతాలు). మొదటి పదిహేను రోజులు 19:19:19 నాలుగు రోజులకోసారి రెండున్నర కిలోలు, మధ్యలో ఒకసారి 12:61:0 రెండు కిలోలు. ఆ తరువాత పూత దాకా యూరియా నాలుగు రోజులకోసారి 3 కిలోలు. ఆడపూత మొదలైన వారం యూరియా పూర్తిగా ఆపండి, పోయినసారి పిందె రాలింది ఇక్కడే. పిందె నిమ్మకాయంత అయ్యాక కాల్షియం నైట్రేట్ 3 కిలోలు వారానికోసారి రెండుసార్లు, మిగతా తడుల్లో 13:0:45 నాలుగేసి కిలోలు, చివర్లో 0:0:50. కాల్షియం నైట్రేట్‌ను భాస్వరం, సల్ఫేటు ఎరువులతో ఒకే తొట్టిలో కలిపితే గడ్డకట్టి డ్రిప్పు మూసుకుపోతుంది. రెండు నుంచి నాలుగాకుల దశలో లీటరు నీటికి 3 గ్రాముల బోరాక్స్ ఒకసారి ఆకుల మీద కొట్టండి, ఆడపూత పెరుగుతుంది. గంధకం మాత్రం ఈ తీగ మీద ఎప్పుడూ చల్లొద్దు, ఆకు మాడుతుంది.

మొదటి ఆడపువ్వు కనిపించగానే కవరు తీయాలి. ఒక సాయంత్రం ఒక వైపు లేపి, రెండు రోజులు అట్లా ఉంచి, తరువాత మొత్తం తీస్తే ఆకు వడలదు. అయితే మొదటి ఆడపువ్వును కాయగా ఉంచుకోవాలని ఆశపడొద్దు. ఎనిమిదో కణుపు లోపల, చల్లటి రాత్రుల్లో నిలిచిన కాయ తోలు మందంగా, గిడసగా వస్తుంది, తీగ బలమూ తినేస్తుంది. దాన్ని గిల్లేసి ఆ తరువాత వచ్చే రెండో, మూడో పువ్వుల్లోంచి నిలపండి. వారం రోజులు ఆలస్యమైనట్టు అనిపిస్తుంది, కానీ రెండో కాయ వెచ్చటి రోజుల్లో తొందరగా ఊరి ఆ తేడాను చాలావరకు పూడుస్తుంది. పెద్ద కాయ రకమైతే తీగకు ఒకటి, చిన్న నల్ల కాయ రకమైతే రెండు. కర్బూజలో ఆడపూత పక్క కొమ్మల మీద వస్తుంది కాబట్టి పక్క తీగలు తుంచొద్దు, మొక్కకు రెండు మూడు కాయలు చాలు.

తేనెటీగల పెట్టెలు దొరికితే ఎకరానికి రెండు, కవరు తీసిన రోజు నుంచి మూడు వారాలు. దొరకకపోతే పూత ఉన్న పది పన్నెండు రోజులు చేత్తో చేయొచ్చు. ఉదయం 8, 10 గంటల మధ్య ఆ రోజే విచ్చిన మగపువ్వు తెంపి, రేకులు వెనక్కి మడిచి, పుప్పొడి వేలికి పసుపుగా అంటుతుందో లేదో చూసి, ఆడపువ్వు మధ్య మూడు పాయలకూ తాకించాలి. ఒక పాయకే తాకిస్తే అదే వంకర కాయ. పూత రోజుల్లో ఏ మందైనా సాయంత్రం 4 దాటాకే కొట్టండి.

కవరు తీసిన రోజు నుంచే ఎకరానికి 20, 25 నీలం జిగురు అట్టలు ఉండాలి. మొవ్వు నల్లబడి తీగ కొన పైకి లేచిన మొక్కను అదే రోజు పీకి, సంచిలో వేసి బయట పూడ్చండి. మంచు ఎక్కువ పడిన పొద్దుల తరువాత ఆకుల మీద కోణాల పసుపు మచ్చలు వస్తే బూజు తెగులు, మెటలాక్సిల్ మాంకోజెబ్ లీటరుకు 2 గ్రాములు. పండు ఈగకు క్యూ లూర్ బుట్టలు (మగ ఈగలను వాసనతో లాగి పట్టేవి) ఎకరానికి ఆరు.

కోతకు రోజులతోపాటు కాయ దగ్గరి నులితీగ ఎండిందా, నేలకు ఆనిన మచ్చ తెలుపు పోయి వెన్న రంగు తిరిగిందా చూడండి. కర్బూజ తొడిమ చుట్టూ బీట విచ్చి, చిన్నగా ఒత్తితే విడిపోవాలి. కోతకు ముందు వారం నీళ్లు సగం చేయండి. పూర్తిగా ఆపి మళ్లీ ఒక్కసారి నిండుగా ఇస్తే కాయ పగులుతుంది. మార్చి మూడో వారానికి ఎండ 38 దాటితే ఆకు కప్పని కాయల మీద ఎండుగడ్డి వేయండి. ఎకరం పుచ్చను ఒకే రోజు నాటకుండా రెండు ముక్కలుగా ఆరు రోజుల తేడాతో నాటితే, ఒక విడత పూత చలిగాలుల్లో చిక్కినా రెండోది మిగులుతుంది, కోత కూడా ఒక్కసారే మీద పడదు. దోస గింజల పరీక్ష మాత్రం ఈ వారంలోనే మొదలుపెట్టండి, దాని ఫలితం చూశాకే విత్తనానికి డబ్బు కట్టండి.